ఓదెలు ఎత్తు బెల్లం

నరహరి సారును ప్రశ్న అడగదల్చుకున్నవాళ్లు ముందు చెప్పులు దగ్గర పెట్టుకోవాలని ఆయన శిష్యుల్లో ఒక మాట ఉండేది. అడిగినదానికి కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. "పా, పోదాం" అని లేచేవారు, అంతే. ఎక్కడికంటే చెప్పరు. ఎందుకంటే అసలే చెప్పరు. మెడికల్ కాలేజీలో తల పండేదాకా పాఠాలు చెప్పి, హనుమకొండలో చిన్న ఇల్లు కట్టుకుని విశ్రాంతిగా ఉందామనుకున్న మనిషి ఆయన. పాత శిష్యులు ఉండనిస్తేనా! ఆదివారం వచ్చిందంటే ఆయన వరండా నిండిపోయేది. బయట అపాయింట్‌మెంటు దొరకడమే గగనమైన డాక్టర్లు, ఆ వరండాలో మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చునేవాళ్లు.

మేడారం జాతర ఇంకా వారం ఉందనగా, ఆ ఆదివారం ప్రశ్న అడిగింది వినీల. ఆమె గుండె డాక్టరు. ఊళ్లోకెల్లా పెద్ద దవాఖానలో పని. తెలివైనది, కష్టపడే మనిషి, రోగిని కసురుకున్నదని ఎవరూ అనగా వినలేదు. ఆపరేషన్ కత్తి పట్టేది ఆమె కాదు గానీ, కోయాలా వద్దా అన్న మాట మాత్రం ఆమె నోటి నుంచే రావాలి. ఆ మాటే ఇప్పుడు ఆమె గొంతుకు అడ్డం పడి ఉంది.

"సార్, వరదమ్మ అని ఒక పేషెంటు వచ్చింది. ఎనభై దాటింది. గుండె కవాటం బిగుసుకపోయింది. ఆపరేషన్ చేస్తే లాభమున్నది, నష్టం సుత ఉన్నది. రేపు పొద్దున సర్జన్లు కూసుంటరు. నేను ఊ అంటే చేస్తరు, ఊహూ అంటే మానేస్తరు. లెక్కలన్నీ చదివిన సార్. వందల ఎంతమంది బతుకుతరో, ఎంతమంది పోతరో నాకు నోటికి వచ్చు. అయినా మనసు తెగుతలేదు. మీరైతే ఎట్ల తూకం వేస్తరు?"

సారు జవాబు చెప్పకముందే పక్కన ఉన్న ఒకాయన అందుకున్నాడు. ప్రతి గుంపులోనూ ఉంటాడు కదా, అడగని సాక్ష్యం చెప్పేవాడు. "వినీలకు భయమెందుకు సార్? నిరుడు గొర్లకాపరి ఓదెలుకు ఇంతకన్న పెద్ద ఆపరేషన్ చేయించింది. ఎనభై ఏండ్ల మనిషి! ఆయన ఫొటో ఇప్పటికీ వాళ్ల దవాఖాన గోడ మీద ఉన్నది. శాలువ కప్పి, దండ వేసి..." అందరూ తలలూపారు. వినీల కొంచెం సిగ్గుపడింది, కొంచెం సంబరపడింది. ఆ ఫొటో చూసినప్పుడల్లా ఆమెకు మనసు నిండేది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పని చేసిన మనిషికి ఆ మాత్రం ఉండాలి.

నరహరి సారు గ్లాసు కింద పెట్టారు. "ఓదెలా? రాళ్లకుంట ఓదెలేనా?" అన్నారు. అవునంది వినీల. "ఈ పొద్దు వాళ్లింట్ల తూకమున్నది. జాతర మొక్కు. నన్ను రమ్మన్నరు. నువ్వు సుత వస్తే చాన సంతోషపడుతరు. పా, పోదాం."

కారులో సారు ముందు సీట్లో పాత తోలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వినీల ఓదెలును తలుచుకుంటూ బండి నడిపింది.

ఓదెలు మొదటిసారి వచ్చినరోజు ఆమెకు బాగా గుర్తు. భుజాన గొంగడి, చేతిలో తనకన్నా పొడుగు కర్ర. ఆ కర్రను గేటు దగ్గరే వాచ్‌మన్ లాక్కున్నాడని ముసలాయనకు కోపం. గుట్ట ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కుతోందన్నాడు. "మరేం జేస్తవు తాతా?" అంటే, "ఏం జేస్త, బండ మీద కూసుంట. గొర్లు ముందట పోతయి. తగ్గినంక లేసి నేను పోత. అవి ఏడికి పోతయి, నన్నిడిసి?" అన్నాడు. పరీక్షలు చేస్తే గుండెకు పోయే నాళాలు మూడు పూడిపోయి ఉన్నాయి. వినీల రెండు దారులూ విడమరచి చెప్పింది. మాత్రలు వేసుకుంటూ, గుట్ట ఎక్కడం మానేసి, నెమ్మదిగా మసలుకోవచ్చు. ఎప్పుడేమవుతుందో మాత్రం చెప్పలేం. లేదంటే ఛాతీ తెరిచి ఆపరేషన్. ఇందులో ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు, ఒక్క నిజమూ దాచలేదు. కొడుకు కట్టయ్య రెండు చేతులూ జోడించి ఒక్కటే అడిగాడు: "అమ్మా, మా నాయిన పానం దక్కుతదా?" దక్కుతుందంది. వందలో తొంభై అయిదు మందికి దక్కుతుందంది. "ఇంకేంది మరి! బతికుంటే బలుసాకు తినొచ్చు. చేయిర్రి" అన్నాడు కట్టయ్య.

ముసలాయన కూడా ఒక మాట అడిగాడు. సంతకాలన్నీ అయి అందరూ లేచాక అడిగాడు. "బిడ్డా, కోసినంక నేను మంద ఎన్క నడుస్తనా?" వినీల నవ్వి ఆయన భుజం తట్టింది. "ముందు పానం దక్కనీ తాతా. గొర్ల సంగతి తర్వాత జూద్దాం!" అందరూ నవ్వారు, ఓదెలు కూడా నవ్వాడు. ముసలివాళ్లతో మనం మాట్లాడేదే అలా. వాళ్లు అడిగిందాన్ని చంటిపిల్లను చంక మార్చినట్టు పక్కకు మార్చేస్తాం. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అని సామెత చెప్పుకుంటాం గానీ, అక్కడ కోరింది కొడుకు, ఇచ్చింది డాక్టరు. రోగి అడిగింది ఇంకేదో. అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాతే మెదడులో రక్తం గడ్డ కట్టింది. చెప్పిన అపాయాల్లో అదీ ఒకటి, చిన్న అంకె పక్కన ఉన్నది. చాలా రోజులు మిషన్ మీద ఉంచి, గండం గట్టెక్కించి, వీల్‌చైర్లో కూర్చోబెట్టి, శాలువా కప్పి ఇంటికి పంపారు. నడక, మాట మెల్లగా వస్తాయన్నారు. అప్పటి నుంచి కేసు మెదడు డాక్టరు చేతికి పోయింది. కట్టయ్య మందుల కోసం వచ్చినప్పుడు వినీల కనబడితే పలకరించేది. "నాయిన ఎట్లున్నడు కట్టయ్యా?" అంటే, "ఉన్నడమ్మా" అనేవాడు. ఆమె సంతోషించి తన పని మీద తాను పోయేది.

రాళ్లకుంటలో ఓదెలు ఇంటి వాకిలి అలికి ముగ్గు వేసి ఉంది. వెదురు గడలు ముక్కాలిగా నిలబెట్టి వడ్ల కాంటా వేలాడదీశారు, రెండు వైపులా మంచమంత వెడల్పు చెక్క పళ్లాలు. పక్కనే పసుపు పూసిన కొత్త కుండలు, వాటి నిండా బెల్లం గడ్డలు. సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కితే, మనిషిని కాంటాలో ఒక వైపు కూర్చోబెట్టి రెండో వైపు అంతెత్తు బెల్లం పెడతారు. ఆ బెల్లాన్నే బంగారమంటారు, మేడారం తీసుకుపోయి అమ్మ గద్దె దగ్గర సమర్పిస్తారు. ఓదెలు ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. మొక్కు నోటితో అంటే చాలదు. అన్నరోజే మనిషి బరువు జోకి, అంత బెల్లమూ తెచ్చి అటకెక్కించాలి. అప్పుడే అమ్మకు మాట ఇచ్చినట్టు. అందుకని కట్టయ్య, నాన్నను ఆపరేషన్‌కు చేర్చినరోజే, దవాఖాన కాంటా మీద ఆయన బరువెంతో కనుక్కుని, ఆ సాయంత్రమే అంత బెల్లమూ కొని ఇంట్లో పెట్టాడు. "మా నాయిన పానంతోని ఇల్లు జేరితే నాయినెత్తు బంగారమిస్త తల్లీ" అని మొక్కాడు. ఇదంతా కట్టయ్యే, కారు దిగుతుండగానే, గడగడా చెప్పేశాడు.

వినీలను చూసి ఆ ఇల్లు ఇల్లంతా కదిలింది. "మా నాయినకు పానం పోసిన డాక్టరమ్మ!" అని కట్టయ్య అందరికీ చూపించాడు. ఒకామె కాళ్లకు నీళ్లిచ్చింది. ఓదెలు భార్య బుచ్చవ్వ, వంగిన నడుముతో దగ్గరికి వచ్చి, ఆమె నొసట కుంకుమ పెట్టి, చెయ్యి పట్టుకుని కాంటా దగ్గరికి తీసుకుపోయింది. "మొదటి గడ్డ నువ్వే పెట్టు బిడ్డా. నీ చేతుల మీదనే గదా దక్కింది" అంది. వినీల రెండు చేతుల్తో ఒక గడ్డ ఎత్తి పళ్లెంలో పెట్టింది. కళ్లు చెమర్చాయి. సారు ఎందుకు తీసుకొచ్చారో ఆమెకు అప్పుడు అర్థమైందనిపించింది: ధైర్యం చెప్పడానికి, వరదమ్మకు ఊ అను అని చెప్పడానికి. మిగతా గడ్డలు ఆడవాళ్లు వరసగా పేర్చారు. కుండలు ఖాళీ అయ్యాయి, పళ్లెం నేలకు దిగింది.

"సార్, నాయినను బయటికి తెద్దామా?" అని కట్టయ్య నరహరి సారును అడిగాడు. "గొట్టాలున్నయి గద. మీరు ముట్టకుంటే మాకు భయం." సారు సంచి పట్టుకుని లోపలికి పోయారు. గొట్టాలా అనుకుంటూ వినీల వెంట పోయింది.

లోపల నులక మంచం మీద, రబ్బరు షీటు పైన, ఒక మనిషి ఉన్నాడు. వినీల ముందు పక్క గదిలోకి చూసింది, ఓదెలు అక్కడ ఉన్నాడేమోనని. తర్వాత మళ్లీ మంచం వైపు చూసింది. ముక్కులో గొట్టం, కింద సంచిలోకి ఇంకో గొట్టం. కుడి చెయ్యి ఎండిన కొమ్మలాగా పక్కన పడి ఉంది. ఎడమ చేతిని పాత ధోతి పేలికతో మంచం పట్టెకు కట్టేశారు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ అవి ఎవరినీ చూడడం లేదు. వీపు మీద పుండుకు సారు కట్టు మార్చడం మొదలుపెట్టారు. ఆయన చేతుల అలవాటు చూస్తే, పదిహేను రోజులకో నెలకో ఒకసారి వచ్చి చేస్తున్న పనే అది.

"చెయ్యి ఎందుకు కట్టిన్రు?" అని అడిగింది వినీల, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. గుమ్మంలో నిలబడ్డ బుచ్చవ్వ చెప్పింది: "గొట్టం పీక్కుంటడు బిడ్డా. రెండుసార్లు పీక్కున్నడు. ఏం జేస్తం, కట్టేసినం. మందల ఒక్క గొర్రెను సుత ఎన్నడు కట్టెయ్యలే ఈ మనిషి. కడితే దాని మనసు ఇరిగిపోతదనేటోడు." ఆమె మాటలో నిష్ఠూరం లేదు, ఏడుపు కూడా లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. వినీలకు గోడ మీది ఫొటో గుర్తొచ్చింది. అందులో ఓదెలు తల నిటారుగా ఉంది. ఆ తల వెనక ఒక నర్సు చెయ్యి కూడా ఉంది. ఇన్నాళ్లూ ఆ చెయ్యి ఎందుకుందో ఆమె ఆలోచించలేదు.

చేతి కట్టు విప్పి, నలుగురు గొంగడిలో ఎత్తి, ఓదెలును వాకిట్లోకి తెచ్చి కాంటా పళ్లెంలో పడుకోబెట్టారు. డప్పు మీద దెబ్బ పడింది. అందరూ అమ్మను తలుచుకుని కాంటా వదిలారు. వదిలిన కాంటా సమంగా నిలవాలి. ఆనాడు జోకిన మనిషే, ఆనాడు కొన్న బెల్లమే కదా! కానీ ఓదెలు ఉన్న పళ్లెం గాలిలోకి లేచి అక్కడే ఆగిపోయింది. బెల్లం పళ్లెం నేలను వదల్లేదు. ఒక పిల్ల కిసుక్కున నవ్వితే తల్లి నెత్తిన మొట్టింది. డప్పు ఆగిపోయింది.

కట్టయ్య ఒక గడ్డ తీసి పక్కన పెట్టాడు. కాంటా కదల్లేదు. ఇంకొకటి తీశాడు. అయినా కదల్లేదు. తలెత్తకుండా ఒక్కో గడ్డే తీసి తాటాకు చాప మీద పెడుతూ పోయాడు. చాప మీద కుప్ప పెరుగుతోంది. వినీల తన చేత్తో పెట్టిన గడ్డ కూడా ఆ కుప్పలోకే వచ్చింది. చాప దాదాపు నిండాక గానీ ముల్లు కదల్లేదు. కుల పెద్ద ఒకాయన ముందుకు వచ్చాడు. "దాంట్ల ఏమున్నది? మనిషెత్తు ఇచ్చుడే మొక్కు. అమ్మ మనకు తగ్గిచ్చింది అనుకోర్రి. మిగిలింది ఇంట్ల పెట్టుకోర్రి, పరమాన్నం జేసుకోర్రి" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. కట్టయ్య సరేనన్నట్టు తలూపి ఇంకో గడ్డ మీద చెయ్యి వేశాడు.

"ఆగు కొడుకా" అంది బుచ్చవ్వ.

"ఇంకొక్కటి తీస్తే సరిపోతదవ్వా. నాయినెత్తు గావాలె గద."

"ఏ నాయినెత్తు?" అంటూ ఆమె వచ్చి చాప పక్కన చతికిలబడింది. కుప్ప మీద చెయ్యి పెట్టింది. "మొక్కిననాడు జోకింది ఎవలనురా? నా పెనిమిటిని. గా పళ్లెంల పండుకున్నది దవాఖానోళ్లు పంపిన మనిషి. ఆయనకు ఆయనెత్తు జోకుర్రి, నేనొద్దంటనా? గిది మాత్రం నా మొగడు. గీ తీసి పక్కకు పెట్టిందే నా మొగడు. దీన్ని పరమాన్నంల ఏసుకొని తిందామా?"

"అట్లనకే అవ్వా... పానమన్న దక్కింది గదనే. బతికుంటే బలుసాకు..." అన్నాడు కట్టయ్య. ఆ మాట పూర్తి కానివ్వలేదు ఆమె. "బలుసాకు తెంపుకొచ్చే కాళ్లేవిరా? నమిలే నోరేది?" అంది. కట్టయ్య చేతిలో గడ్డ అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, పట్టుకునే నేల మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వాణ్ని ఏమనగలం! తండ్రిని కాపాడుకోవాలనుకున్న కొడుకు. ఆ కోరిక కోరని కొడుకుని ఎవరు మెచ్చుకుంటారు గనక?

అప్పుడు బుచ్చవ్వ కళ్లు వినీల మీద పడ్డాయి. వినీలకు పారిపోవాలనిపించింది. తిడితే బాగుండు, కసిదీరా తిడితే ఆ నాలుగు తిట్లూ మోసుకుని పోవచ్చు. బుచ్చవ్వ తిట్టలేదు. "నిన్ననుడు గాదు బిడ్డా. నువ్వు చెప్పిన మాట తప్పలే. పానం దక్కుతదంటివి, దక్కింది. అమ్మది సుత తప్పు లేదు. మేం పానమే అడిగినం, పానమే ఇచ్చింది. పానంతోని ఇంకోటి సుత అడగాలని మాకు తెల్వకపాయె." నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "నీకు తెల్సు గద బిడ్డా? చెప్పకపోతివి?"

రెండు దారులూ చెప్పానని వినీల అనవచ్చు, అది నిజమే. అపాయాలన్నీ చదివి వినిపించానని కూడా అనవచ్చు, అదీ నిజమే. ఆ నిజాలన్నీ చాప మీది కుప్ప ముందు ఎందుకూ కొరగావని ఆమెకు తెలిసిపోయింది. తల వంచుకుని, ఎంగిలి పడని ఆ బెల్లం వాసన పీలుస్తూ, నిలబడింది. చివరికి కుల పెద్దే తగ్గి, బుచ్చవ్వ మాటే చెల్లనిమ్మన్నాడు. కాంటాలో తూగింది ఒక మూటగా, చాప మీది కుప్ప ఇంకో మూటగా కట్టారు. రెండూ అమ్మ దగ్గరికే పోవాలి. రెండో మూట తానే నెత్తిన మోసుకుపోతానంది బుచ్చవ్వ. అంత బరువు ఎట్లా మోస్తావని ఎవరూ అడగలేదు.

ఓదెలును మళ్లీ మంచం మీదికి చేర్చారు. సారు గొట్టాలు సరిచేశారు గానీ ఎడమ చేతిని కట్టలేదు. పేలికను మడిచి బుచ్చవ్వ చేతికిచ్చారు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. బయట ఎవరి మందో ఇంటిదారి పట్టినట్టుంది, గొర్రెల అరుపులు వినబడ్డాయి. ఓదెలు వేళ్లు ఆమె చేతిలో ఒకసారి బిగుసుకున్నాయి. అది వినబడి బిగుసుకున్నాయో, ఊరికే బిగుసుకున్నాయో, ఇద్దరు డాక్టర్లున్నా చెప్పగలిగినవాళ్లు లేరు.

తిరుగుదారిలో వినీలకు కోపం వచ్చింది, ముందు సారు మీద, తర్వాత తన మీద. చివరికి ఉండబట్టలేక అడిగింది. "ఆపరేషన్ చెప్పుడే తప్పయిందా సార్?"

"తప్పని ఎవడన్నడు?" అన్నారు సారు. "ఇదే కోత కోయించుకొని మల్ల నాగలి పట్టినోన్ని నేను జూసిన. కోత వద్దని మాత్రలు మింగుకుంట మూన్నెల్లకు పోయినోన్ని సుత జూసిన. ఏది తప్పంటవు?"

"మరి వరదమ్మకు నేనేం చెప్పాలె సార్? ఊ అందునా, ఊహూ అందునా?"

"ఓదెలు నిన్నేమన్న అడిగిండా, ఆనాడు?" అన్నారు సారు. అడిగాడంది. ఏమడిగాడో చెప్పింది. తనేమన్నదో మాత్రం చెప్పలేకపోయింది. సారు అది గుచ్చి అడగలేదు. రోడ్డు వైపే చూస్తూ ఇంకొకటి అడిగారు.

"వరదమ్మ ఏమడిగింది?"

వినీల గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కవాటం బొమ్మ కళ్ల ముందుకు వచ్చింది, దాని కొలతలు కూడా వచ్చాయి. వకీలైన వరదమ్మ కొడుకు గుర్తొచ్చాడు. అతను కోర్టులో అడిగినట్టు గట్టిగా అడిగిన ప్రశ్నలన్నీ వచ్చాయి. అతని పక్క కుర్చీలో ఎవరో ఉన్నారు. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ మనిషి గొంతు ఎలా ఉంటుందో ఎంత వెతికినా దొరకలేదు.

"ఏం అడగలే సార్. కొడుకే మాట్లాడిండు."

"పొద్దుగాల లేసి ఏం జేస్తదట ఆమె?"

"తెల్వదు సార్."

నరహరి సారు ఒళ్లోని తోలు సంచిని సర్దుకున్నారు. "ఒక పళ్లెంల ఇంకా ఏం పెట్టనే లేదు గద బిడ్డా" అన్నారు. "ముల్లు ఎటు మొగ్గుతదని నన్నడుగుతున్నవ్."